రేడియో చెప్పాలి, నూనె ఒప్పుకోవాలి

ఆ రోజుల్లో మా కోనసీమకి చలి రావడమంటే కలెక్టరుగారు రావడమే. వస్తున్నారని రేడియోలో చెప్పేవాళ్ళు, మేం ఎదురుచూసేవాళ్ళం, ఆయనేమో రాజమండ్రి దాకా వచ్చి గోదావరి దాటకుండా అటునుంచి అటే వెళ్ళిపోయేవారు. ఉక్కపోత, వాన, మళ్ళీ ఉక్కపోత, ఇదీ మా ఏడాది. మధ్యలో డిసెంబరులో నాలుగు రోజులు తెల్లవారుజామున కొబ్బరాకుల మీంచి మంచు టపటపా కారితే దాన్నే చలి అనుకుని మురిసిపోయేవాళ్ళం. (స్వెట్టరు వేసుకున్న మనిషిని నేను మొట్టమొదట చూసింది అమలాపురం బస్టాండులో. పాపం, జ్వరమేమో అని జాలిపడ్డాను.) మగవాళ్ళు చెవులకి తువ్వాలు చుట్టుకుని, ఆడవాళ్ళు కొంగు కప్పుకుని, కొబ్బరి డొక్కలు రాజేసి మంట ముందు కాసేపు చేతులు చాపితే అయిపోయేది మా చలికాలం. ఇప్పుడు నా మనవరాలు ఫోను చూసి "అమ్మమ్మా, ఎల్లుండి నుంచి చలి పెరుగుతుందంట" అంటుంది. దానికది సరదా. నాకు మాత్రం ఆ మాట వింటే ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే, చలి రావాలని మోకాళ్ళూని దేవుడికి ప్రార్థన చేసిన పిచ్చిదాన్ని మా రాజోలు తాలూకా మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అప్పటికి నాకు ఇరవై దాటి ఎంతో కాలేదు. నాన్న కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్ళేవాడు, అమ్మ చేల్లోకి వెళ్ళేది, తమ్ముడు కాలేజీకి వెళ్తాననేవాడు. ఎవరో ఒకరు ఎక్కడికో ఒకచోటికి వెళ్ళకపోతే ఆ కాలేజీ సాగదు కాబట్టి నేను కువైటు వెళ్ళాను, ఒక పెద్దింట్లో పిల్లల్ని చూసుకునే పనికి. కువైటంటే ఎడారి, ఎడారంటే ఎండ, ఇదీ మా ఊరందరి భూగోళశాస్త్రం. పాస్టరుగారు కూడా ప్రార్థనలో "ఆ మండుటెండల్లో మా బిడ్డకి నీ రెక్కల నీడ నియ్యి తండ్రీ" అనే అన్నారు. నేనూ ఆ లెక్కనే పల్చటి వాయిల్ చీరలు పెట్టె నిండా సర్దుకుని విమానం ఎక్కాను. దిగిన రెండు నెలలకి చలికాలం వచ్చింది. ఎడారి చలి ఎలా ఉంటుందో ఏ పాస్టరుగారూ చెప్పలేదు నాకు. పగలంతా బాగానే ఉండి, పొద్దు కుంకేసరికి ఎముకల్లో దూరేది. నాకిచ్చిన గది మేడ మీద, ఇస్త్రీ బల్లకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్యన. కప్పుకోడానికిచ్చింది ఒక్క పల్చటి దుప్పటి. నేను ఆ దుప్పటి మీద నా వాయిల్ చీరలన్నీ ఒకదాని మీద ఒకటి పరుచుకుని కింద ముడుచుకుని పడుకునేదాన్ని. ఏడు చీరలు కప్పుకుని పడుకున్న మహారాణిని చరిత్రలో ఎక్కడైనా చూశారా? నేనే.

కింద గదుల్లో మాత్రం అమ్మగారికీ పిల్లలకీ తలో రగ్గు. రగ్గంటే మన రగ్గులు కావు. చెయ్యి పెడితే మణికట్టు దాకా మునిగిపోయేంత మెత్తన. ఒకదాని మీద గులాబీలు, ఒకదాని మీద గుర్రాలు, పెద్దబ్బాయి దాని మీద పులి. పొద్దున్నే వాటిని మడతపెట్టడం నా పని. ఒకరోజు ఎవరూ చూడకుండా ఆ పులి రగ్గులో మొహం పెట్టుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. పరాయి పిల్లాడి ఒంటి వేడి అది. అక్కడే అనుకున్నాను, జన్మలో ఒక్క రాత్రయినా ఇలాంటిది కప్పుకుని, కాళ్ళు చాపుకుని నిద్రపోవాలని. జీతం కూడబెట్టి ఏడాది తిరక్కుండా కొన్నాను, అచ్చం అలాంటి పులిదే. కొన్నదాన్ని కప్పుకోవచ్చుగా అంటారు మీరు. మీరు మా వైపు వాళ్ళు కారన్నమాట. కప్పుకుంటే పాతదైపోదూ? పాతది ఇంటికి తీసుకెళ్తే ఊళ్ళో ఏమనుకుంటారు? ముందు పంపించేద్దాం, వెళ్ళాక కొత్తదానిలా కప్పుకుందాం అనుకుని, మా పక్కింట్లో పనిచేస్తూ సెలవు మీద ఊరెళ్తున్న అల్లవరం ఆవిడ చేతిలో పెట్టాను. దాంతోపాటు ఒక క్యాసెట్టు. (అప్పట్లో ఉత్తరాలు ఎవరు రాస్తారు? క్యాసెట్టులో మాట్లాడి పంపితే ఇంటిల్లిపాదీ టూ-ఇన్-వన్ చుట్టూ కూర్చుని విని ఏడ్చేవాళ్ళు. ఆ టూ-ఇన్-వన్ కూడా నేను పంపిందే.) ఆ క్యాసెట్టులో నోరూరుకోక "నాకోసం దాచద్దు నాన్నా, అందరూ కప్పుకోండి, నాకిక్కడ బోల్డున్నాయి" అన్నాను. ఇదే మా గోదావరి జిల్లా రోగం. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా "ఇప్పుడే తినొచ్చేమండి, ఆయ్" అంటాం. (ఆయ్ అంటే మా వైపు అవునండీ అని.) అవతలివాళ్ళు ముమ్మారు బతిమాలాలి, అప్పుడు విస్తరి ముందు కూర్చోవాలి. క్యాసెట్టు బతిమాలదు కదా.

పులి ఊళ్ళో దిగిన రోజున జరిగిన వైభవం తర్వాత తమ్ముడు చెప్పాడు. జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో, పైకి మొహం కనిపిస్తూ, పులి మా పాకలోకి వచ్చింది. ఊరంతా చూడ్డానికి వచ్చారు. "ముట్టుకోవచ్చాండీ?" అని అడిగి మరీ ప్లాస్టిక్ మీంచి నిమిరారు. ఒక పసిదాన్ని ఎత్తుకొచ్చి చూపిస్తే అది గుక్కపట్టి ఏడిచింది, నాన్న ఆ ఏడుపుని నాలుగు వీధుల్లో గొప్పగా చెప్పుకున్నాడు. అమ్మ మాత్రం ఆ సాయంత్రమే జిప్పు లాగబోయింది. "ఆగెహె" అన్నాడట నాన్న. "అది చలి రగ్గే. చలి లేకుండా తీస్తే దాని పవరు పోద్ది." ఆ తర్వాత మా ఇంట్లో ఒక చట్టం పుట్టింది. రేడియో చెప్పాలి, నూనె ఒప్పుకోవాలి, అప్పుడే రగ్గు బయటికి రావాలి. నాన్నకి బైబిలు తర్వాత రేడియో. సాయంత్రం వార్తల చివర వాతావరణం చెబుతుంటే ఇంట్లో ఎవరూ గరిట కూడా కదపకూడదు. కానీ పక్కా కూలిమనిషి కాబట్టి ఎవరి మాటా ఉత్తినే నమ్మడు. అందుకని రేడియో దగ్గర గూట్లో కొబ్బరినూనె సీసా పెట్టాడు. పొద్దున్నే లేచి ఆ సీసా తలకిందులు చేసేవాడు. లోపల నూనె తెల్లగా బిగుసుకుని కదలకుండా నిలబడితే చలి. కొంచెం జారినా చలి కాదు, వట్టి మంచు. ఆ ఏడంతా రేడియో చెబితే నూనె ఒప్పుకోలేదు, నూనె ఒప్పుకుంటే రేడియో చెప్పలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. పులి సంచిలోనే ఉండిపోయింది.

ఒకటి రెండుసార్లు బయటికి వచ్చింది పాపం, కానీ ఎవరి మీదికి? మామిడికుదురు మావయ్య (అమ్మకి సొంత అన్న, మా ఇంట్లో ఏ కొత్త వస్తువున్నా "మా చెల్లెలిదంటే నాదే" అనుకునే పెద్దమనిషి) తన కూతురి పెళ్ళికి అల్లుడి మంచం మీద పరచడానికి పట్టుకెళ్ళాడు. ఇంకెవరో నిశ్చితార్థానికి కుర్చీ మీద వేశారు. ఇవన్నీ నాకు తెలియవు. నేను కువైటు వెళ్ళిన మూడో డిసెంబరులో క్రిస్మస్‌కి సెలవిచ్చి పంపిస్తే, నాకు దారి పొడుగునా ఒకటే ఆలోచన. రాజోల్లో బస్సు దిగేసరికే అనుకున్నాను, అమ్మ చేపల పులుసు వేసి పెడుతుంది, తింటాను, పులిని కప్పుకుంటాను, ఎవరు లేపినా లేవను. పులుసు వరకూ జరిగింది. తర్వాత అమ్మ చాప వేసి, పాత చీరలు కలిపి కుట్టిన బొంత తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. నేను ట్రంకు పెట్టె వైపు చూశాను. ట్రంకు పెట్టె మీద సంచిలోంచి పులి నా వైపు చూసింది. "నాన్నా, ఆ రగ్గు..." అన్నాను మెల్లిగా. నాన్న మొహం వెలిగిపోయింది. "చూసేవా అమ్మడూ, ఎలా ఉంచేనో? నువ్వు పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. గీత పడనివ్వలేదు" అన్నాడు. ఆ మొహం చూసి ఇంకేం అడగను? "బాగుంది నాన్నా" అన్నాను. ఇదీ నా బతుకు.

క్రిస్మస్ ముందు వారంలో రేడియో నా మొర ఆలకించింది. ఉత్తరాది నుంచి చలిగాలులు వీస్తున్నాయనీ, రాగల కొద్ది రోజుల్లో కోస్తా జిల్లాల్లో రాత్రి చలి బాగా పెరుగుతుందనీ చెప్పారు. నాన్న లేచి నిలబడి విన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళి, "వత్తందండీ ఈసారి! ఉత్తరాది నుంచి బయల్దేరిందట" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు, ఎవరో బంధువుని బస్సెక్కించి పంపినట్టు. "మరేనండి, మీ పులికి పని తగిలింది" అని వాళ్ళూ సంబరపడ్డారు. నేను చాప మీద కూర్చుని లోలోపల స్తోత్రం చెప్పుకున్నాను. తెల్లారి లేచేసరికి నిజంగానే ముక్కు చివర చల్లగా ఉంది. నాన్న వెళ్ళి గూట్లో సీసా తీసి తలకిందులు చేశాడు. నూనె ధారగా జారింది. "కాదు" అన్నాడు తీర్పు చెప్పినట్టు. మర్నాడు ఇంకా చల్లగా ఉంది, నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. సీసా తలకిందులు. నూనె జారింది. "ఇంకా రాలేదమ్మా, రాజమండ్రి దగ్గర ఆగి ఉంటాది." నాకు ఏడుపొక్కటే తక్కువ. మూడో రోజు నాన్న కన్నా ముందు లేచి చూద్దును కదా, అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఆ సీసా నిప్పు సెగకి పట్టుకుని తిప్పుతోంది. "ఏంటమ్మా అది?" "బిగుసుకుపోయిందే పాడు నూనె. తలకి రాసుకుని పనికెళ్ళాలా వద్దా?" అంది. రోజూ పొద్దున్నే కరిగించుకుని, తల దువ్వుకుని, భద్రంగా మళ్ళీ గూట్లో పెడుతోందట! గవర్నమెంటు వాతావరణ శాఖ ఒక పక్క, మా అమ్మ జడ ఒక పక్క. ఆ సీసా లాక్కుని, కొంచెం నూనె అరిచేతిలోకి తీసి అమ్మ నెత్తిన రుద్ది, మిగతాది ఆ రాత్రి పట్టుకెళ్ళి నూతి గట్టు మీద, తడి ఇసకలో నిలబెట్టాను. ఆ తర్వాతి పొద్దున చీకటితోనే తెచ్చి గూట్లో పెట్టేసరికి నూనె సీసాలో సున్నపురాయిలా నిలబడింది. నాన్న తలకిందులు చేశాడు, కుదిపాడు, అడుగున వేళ్ళతో తట్టాడు. కదల్లేదు. "వచ్చేసింది" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ రాత్రికి తీసేద్దాం రగ్గు."

ఆ సాయంత్రం ఇంట్లో పండగే. నాన్న చేతులు కడుక్కుని వచ్చి జిప్పు లాగాడు. లోపల్నుంచి కువైటు వాసన వచ్చింది, ఆ ఇంటి వాసన, ఆ మెట్ల వాసన. నాకు ఒక్క క్షణం అది నచ్చలేదు, మరుక్షణం చెయ్యి పెట్టాను, మణికట్టు దాకా మునిగింది. చాప మీద పరిచి చుట్టూ కూర్చున్నాం. అదిగో, సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి "ఏవండీ, ఉన్నారాండీ?" అని పాస్టరుగారు. క్రిస్మస్ కూటాల్లో వాక్యం చెప్పడానికి కాకినాడ నుంచి పెద్ద ప్రసంగికులుగారు వచ్చేరనీ, వారికి చలి పడదనీ, తమ ఇంట్లో దుప్పట్లు వారి స్థాయికి తగినవి కావనీ చెప్పి, "మీ దగ్గరేదో ఉందని విన్నామండీ..." అని ఊరుకున్నారు. మా వైపు మనిషి కదా, అడగరు, ఊరుకుంటారంతే. నాన్న ఛాతీ పొంగింది. "ఎంతమాటండీ అయ్యగారూ! దేవుడి సేవకులు కప్పుకుంటే మా రగ్గు జన్మ ధన్యం కాదేటండీ!" అని, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మడతపెట్టి తమ్ముడి సైకిలు వెనక కట్టేశాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. నాన్న నా తల మీద చెయ్యి వేసి, "వారు చుట్టం లాంటోరమ్మా. నువ్వు ఇంటి మనిషివి కదా" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే తిట్టుకోడానికి కూడా వీల్లేకుండా అన్నాడు. ఆ రాత్రి నిజంగా చలి. నేను బొంత కింద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, కువైటులో పడుకున్నట్టే పడుకున్నాను. పొద్దున రగ్గు తిరిగొచ్చింది, ప్రసంగికులుగారి అభిప్రాయం కూడా తమ్ముడు మోసుకొచ్చాడు. "మరీ వేడి చేసిందటండీ. కప్పుకోలేక కింద పరుచుకున్నారట."

సరే, ఇవాళ నాదే అనుకున్నాను. మధ్యాహ్నానికి మామిడికుదురు మావయ్య దిగాడు. "కువైటు పిల్లని చూసిపోదామని" అన్నాడు గానీ, చూపంతా ట్రంకు పెట్టె మీదే. భోజనం చేశాడు, తాంబూలం వేసుకున్నాడు, సాయంత్రం మూడు సార్లు తుమ్మాడు. ఆ తుమ్ములు దేనికో నాకు తెలుసు. "అబ్బే, నాకేం పర్లేదమ్మా, బొంతయినా చాలు, మనమేమన్నా పరాయోళ్ళమా" అన్నాడు, అనేసి నాలుగో తుమ్ము తుమ్మాడు. అమ్మ నా వైపు చూసింది. నేను గుమ్మం వైపు చూశాను. నాన్న లేచి రగ్గు తెచ్చి బావగారి కాళ్ళ మీద కప్పాడు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అని మా నానమ్మ అనేది, బతికుంటే ఆ రాత్రి మా ఇంటికి బొమ్మ గీసినట్టు సరిపోయిందని నవ్వేది. మావయ్య గురక పెట్టిన గురకకి రగ్గు మీద పులి లేస్తూ పడుతూ ఉంది. పొద్దున్న వెళ్తూ, మావాడికి పరీక్షలున్నాయి, తెల్లవారుజామున చదువుకుంటాడు, రెండు రోజులుంచుకుని పంపిస్తానమ్మా అని దాన్ని చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. నేను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ కోపాన్ని పైకి అనడం నేర్పలేదు మాకు. "వెళ్ళిరండి మావయ్యగారూ, ఆయ్, మళ్ళీ రండి" అన్నాను. నా నాలుకని నేనే కొరుక్కోవాలి.

రెండు రోజులన్నది క్రిస్మస్ దాటి, కొత్త సంవత్సరం దాటి, నా సెలవు చివరి దాకా వచ్చింది. తమ్ముడు రెండుసార్లు సైకిలు తొక్కుకుని వెళ్ళి రెండుసార్లూ భోజనం చేసి వచ్చాడు. (అడగలేకపోయానక్కా, మరీ మర్యాద చేసేరు, అన్నాడు. వాడూ మా ఇంట్లో పుట్టినవాడే.) నేను బయల్దేరే ముందు రోజు, నూతి దగ్గర అమ్మా నేనూ బట్టలు ఉతుకుతున్నాం. కువైటులో నాకిచ్చిన ఆ పల్చటి దుప్పటి పెట్టెలోంచి తీసి ఉతికి ఆరేస్తుంటే అమ్మ అడిగింది, "ఇదేంటే, పడక మీద వేసుకునేదా?" అని. "కప్పుకునేది" అన్నాను. "మరి రగ్గులు బోల్డున్నాయన్నావు కదా క్యాసెట్టులో?" నాకెక్కడి నుంచి వచ్చిందో ఏమో, "అవి వాళ్ళవమ్మా. నాకు ఇదొక్కటే. చీరలు కప్పుకుంటాను" అనేశాను. అమ్మ చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. తర్వాత తడి చీరతోనే లేచి, కొంగు దోపుకుని, రోడ్డు మీదికి వెళ్ళి మామిడికుదురు బస్సెక్కింది. సొంత అన్న ఇంటికి వెళ్ళి, కుశల ప్రశ్నలు లేకుండా, ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా, మంచం మీంచి రగ్గు లాక్కుని వచ్చిందట. మా వంశంలో మర్యాద తప్పిన మొదటి మనిషి మా అమ్మ. ఆవిడ ఆ మధ్యాహ్నం రగ్గు నెత్తిన పెట్టుకుని వీధిలో నడిచి వస్తుంటే, నాకెంత గర్వంగా ఉందో ఇవాళ కూడా చెప్పలేను. రేడియోని అడగలేదు, నూనెని అడగలేదు. తిన్నగా వచ్చి నా చాప మీద పడేసింది. "కప్పుకోవే. ఎవడొస్తాడో నేనూ చూస్తా" అంది.

ఎవరూ రాలేదు. చలి కూడా రాలేదు. పొద్దున్నుంచే బంగాళాఖాతంలో ఏదో మొదలై మబ్బు పట్టేసింది, గాలి చచ్చిపోయింది. ఆకు కదలదు. చలి ఎటు పోయిందో పోయింది, నూతి దగ్గరే చంకలు తడిసిపోతున్నాయి. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ వాకిట్లో చాపలేసుకుని విసనకర్రలు ఊపుకుంటున్నారు. నేను మాత్రం లోపల పులిని మెడ దాకా లాక్కుని పడుకున్నాను. చెమట చెవుల్లోకి కారుతోంది. ఒళ్ళంతా దురద. ఊపిరి ఆడదు. తియ్యలేదు. ఎందుకు తియ్యాలి? ఈ ఒక్క రాత్రి కోసం ఏడు చీరల కింద వణికాను, సీసాని ఇసకలో పాతాను, మావయ్య తుమ్ములు భరించాను. ఉక్కొచ్చిందని ఇస్తానా? అమ్మ ఒకసారి వచ్చి చూసి, నా తలాపున కూర్చుని విసనకర్రతో విసిరింది. పైన రగ్గు, పక్కన విసనకర్ర! ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో నేను చూడలేదు. నాకు రెండూ వచ్చాయి. తెల్లారి నాన్న లోపలికి వచ్చి, నిండా కప్పుకుని ఉన్న నన్ను చూసి నిలబడిపోయాడు. "చూసేవటే" అన్నాడు అమ్మతో, "ఇంత ఉక్కలోనూ వదల్లేదు. పిల్లకి ఎంత ప్రేమో దాని మీద! మనమే తెలివితక్కువగా ఊరందరికీ ఇచ్చేం." బయల్దేరేటప్పుడు అమ్మ చాటుగా "పట్టుకుపోవే, నీ పెట్టెలో పడుతుంది" అంది. పట్టుకెళ్తే నాన్నకి తెలిసిపోతుంది, అక్కడ నాకు లేదని. ఊరంతా నీ కూతురు అక్కడ మహారాణి అంటుంటే పొంగిపోయే మనిషి. "వద్దులే అమ్మా, అక్కడ కొనుక్కుంటాను" అన్నాను. ఆ ఏడు తమ్ముడి కాలేజీయే కొన్నాను, రగ్గు కొనలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది, అక్కడా, ఇక్కడా. అల్లవరం ఆవిడే క్యాసెట్టు తెచ్చింది. మేడ మీద గదిలో, ఇస్త్రీ బల్ల మీద టేపురికార్డరు పెట్టుకుని, ఒంటి మీద నాకున్న బట్టలన్నీ వేసుకుని విన్నాను. నాన్న గొంతు. "అమ్మడూ, ఈ యేడు మనకి చలి ఎప్పుడూ లేనంత వచ్చేసిందమ్మా. రేడియో చెప్పేసింది, నూనె కూడా ఒప్పేసుకుంది, ఎండెక్కినా కరగట్లేదు. నువ్వేం దిగులెట్టుకోకు. నీ రగ్గు మాత్రం సంచిలో పెట్టి తాళం వేసేసేను. పాస్టరుగారు అడిగినా ఇవ్వలేదు. మీ మావయ్య వస్తే మొహం మీదే లేదనేసేను. అది నీదే. నువ్వొచ్చేదాకా మేం కూడా ముట్టుకోం." ఆ మాటల వెనకాల, దూరంగా, అమ్మ దగ్గు వినిపిస్తోంది. ఆగి ఆగి, లోపల్నుంచి పెళ్ళగించుకొచ్చే దగ్గు. నాన్న మాట ఆపి "కొంచెం ఆగెహె, పిల్లతో మాట్లాడుతున్నా" అన్నాడు. "కప్పండి నాన్నా! ముందు ఆవిడకి కప్పండి!" అని అరిచాను, ఆ డబ్బా మీద పడి. టేపు తిరుగుతూనే ఉంది. రగ్గు జాగ్రత్తగా ఉందనీ, గీత పడలేదనీ నాన్న చెబుతూనే ఉన్నాడు. నేను అరిచిన అరుపు వాళ్ళకి క్యాసెట్టులో చేరేసరికి మామిడి పూత రాలిపోయింది. అమ్మ ఆ చలి గట్టెక్కింది గానీ ఆ దగ్గు మాత్రం ఆవిడ పోయేదాకా ఆవిడతోనే ఉంది.

ఆ పులి ఇప్పుడు నా మంచం మీదే ఉంటుంది. ఒక కన్ను అరిగిపోయింది, మీసాలు రాలిపోయాయి, మెడ దగ్గర పోగులు లేచిపోయాయి, అచ్చం నాలాగే అంటుంది మనవరాలు. దాన్ని ఎవరికీ ఇవ్వను. పాస్టరుగారి మనవడు వచ్చినా ఇవ్వను. ఇంట్లో ఎవరు ఒక్కసారి దగ్గినా మాత్రం, రేడియోనీ నూనెనీ అడక్కుండా తీసుకెళ్ళి కప్పేస్తాను. వాళ్ళు "వద్దు బాబోయ్, ఉక్క" అని తన్నేస్తారు. మిగతా రోజుల్లో, మే నెలైనా సరే, పైన ఫ్యాను గిరగిరా తిరుగుతుంటే, దాన్ని మెడ దాకా లాక్కుని కాళ్ళు చాపుకుని పడుకుంటాను. మొన్న పక్కింటావిడ కిటికీలోంచి చూసి "అదేంటండీ పిన్నిగారూ, ఇంత ఎండలో రగ్గేంటండీ? చలేస్తందా?" అంది. "ఆయ్" అన్నాను.